విడుపు

ఉబిరాసీ గురించి అడుగుతారు కొత్త కుర్రాళ్లు.
నా మెడ చూపిస్తాను.
వాడి చదువంతా దీని మీదే.

మనౌస్‌లో, టైర్ల కొట్టు పైన మేడగది.
కింద రబ్బరు కాలిన వాసన,
పైన మూడు రోజులుగా ఆరని కిమోనోల వాసన.
లారీ టార్పాలిన్ కుట్టి పరిచిన నేల.
రియో నెగ్రో పొంగి మూడో మెట్టుకి నీళ్లొచ్చిన ఏడు
పడవని కిటికీ ఊచకి కట్టేసి మరీ కలబడ్డాం.

నిలబడి కొట్టుకోవడం వాడికి ఎన్నడూ రాలేదు.
గుద్దు వేస్తే తలుపు తట్టినట్టుండేది,
ఇంట్లో ఎవరైనా ఉన్నారా అన్నట్టు.
కింద పడ్డాడా, ఇక అది వాడి ఊరు.
వెల్లకిలా పడుకుని కాళ్లతో ఆలోచించేవాడు.
నేల విడిచి సాము చెయ్యలేదు వాడు
ఒక్క పూట కూడా.

మొదటి గెలుపుకి ఫ్రిజ్ ఇచ్చారు.
ఐదుగురం మోశాం వాళ్లమ్మ ఇంటిదాకా.
ఆ వీధికి కరెంటు లేదు.
ఎలుకలకి అందకుండా
కర్రపెండలం పిండి దాచుకుందావిడ అందులో.

తర్వాత రియో. తర్వాత జపాన్.
"ఇక్కడ నేల మీద పడితే ఈలలు వెయ్యర్రా,
పుస్తకం చదువుతున్నట్టు చూస్తారు" అన్నాడు ఫోన్లో.
పద్నాలుగు గెలుపులు:
పదకొండు మెడలు, మూడు మోచేతులు.
ఉడుంపట్టు గురించే రాశారు అందరూ.
విడుపు గురించి ఎవరూ రాయలేదు.

లాస్ వేగాస్. హోల్‌క్రాఫ్ట్ అనే నెబ్రాస్కా మల్లుడు.
రెండో రౌండులో మెడ దొరికింది.
గడ్డం కిందికి ముంజేయి దిగుతుంటే
ఇక్కడ టీవీ ముందు
నా గొంతు దానంతటదే బిగుసుకుంది.
హోల్‌క్రాఫ్ట్ అరచెయ్యి వాడి వీపు మీద ఒక్కసారి వాలింది.
తట్టడమో, తడుములాటో.
వాడు వదిలేశాడు.

రిఫరీ అటుపక్కనున్నాడు.
"నేను తట్టలేదు" అన్నాడు హోల్‌క్రాఫ్ట్, లేస్తూ.
ఇంకో ముప్పై సెకన్లకి ఉబిరాసీ
కంచెకి చెంప ఆనించి నిద్రపోతున్నాడు,
బస్సులో పిల్లాడిలా.

అంత తొందరేమొచ్చింది వదలడానికి? అన్నారు లోకమంతా.
నాకు తెలుసు.

మాకు పదహారేళ్లు. మెట్ల మీద కూర్చుని
లుసినేయా చూస్తోంది.
పట్టు పడింది. చెయ్యి ఖాళీగానే ఉంది నాకు,
తట్టొచ్చు.
తట్టడం కన్నా చీకటే నయమనిపించింది.
కళ్లు తెరిస్తే ట్యూబ్‌లైటు, దాని చుట్టూ ఉసుళ్లు,
పైనుంచి నా మీద పడుతున్న వాడి కన్నీళ్లు.
లుసినేయా ఇంకా అక్కడే ఉంది.
"తట్టాన్రా. రెండుసార్లు. నువ్వే వినలేదు" అన్నాను.

అంతే.
ఆ రోజు నుంచి ఈగ వాలినా వదిలేసేవాడు.

వేగాస్ తర్వాత వరసగా ఐదు ఓటములు.
ఆఖరిది బోవా విస్తాలో, పశువుల సంత షెడ్డులో.
ఎదుట ఇరవై రెండేళ్లవాడు,
నేల మీదికి రానే రానన్నాడు.
ఉబిరాసీ వెల్లకిలా పడుకుని
రా, కిందికి రా, అని చేత్తో పిలిచాడు.
కుర్రాడు రాలేదు.
లెమ్మన్నాడు రిఫరీ.
లేచాడు.

ఇప్పుడు అదే మేడ మీద పిల్లలకి నేర్పుతున్నాడు.
పట్టు తర్వాతట. ముందు తట్టడం.
గట్టిగా, అవతలివాడికి వినబడేలా, అని
నెలరోజులు నేలని బాదిస్తాడు.
కింద టైర్ల కొట్టాయన తిడతాడు.

ఆదివారాలు పడవల రేవు దగ్గర తింటాం ఇద్దరం.
"హోల్‌క్రాఫ్ట్ తట్టాడు కదా?" అంటాడు.
ఎనిమిదేళ్లుగా అదే ప్రశ్న.
తట్టాడంటాను.
"నీకు తెలుస్తుంది" అంటాడు నా పళ్లెంలోకి నిమ్మకాయ పిండుతూ,
"తట్టినా అవతలివాడు వినకపోతే
ఎట్లా ఉంటుందో నీకే తెలుసు."

తంబాకీ చేపలో ముళ్లు ఏరుతూ కూర్చుంటాను,
ముళ్లు లేని చోట కూడా.